ఒకటి గవర్నమెంటుకు, ఒకటి తెలుగుకు

2025 అక్టోబరు 14న మా ఆఫీసులో అందరికీ ఒక మెయిల్ వచ్చింది. విండోస్ 10కి ఆ రోజుతో సపోర్ట్ అయిపోయింది, ఇంకా మారనివాళ్లు వెంటనే 11కి మారాలి అని. నా లాప్‌టాప్ ఎప్పుడో మారింది. నాకు గుర్తొచ్చింది మొగుళ్లపల్లిలో మా చిన్నాయన డీటీపీ షాపు. సాయంత్రం ఫోన్ చేశాను.

"చిన్నాయినా, నీ కంప్యూటర్ల పది ఉన్నది గదా. దానికి ఇగ అప్‌డేట్లు రావు."

"ఏ కంప్యూటర్ల?"

"నెట్టు దాంట్ల."

"అదా! దాని సంగతి నువ్వు జూస్కో. నా దాంట్ల ఏడే ఉన్నది. దాన్ని మాత్రం ముట్టకు."

ఆ "ముట్టకు" వెనక తొమ్మిదేళ్ల కథ ఉంది. అందులో దోషిని నేనే. ఇన్నాళ్లూ దీన్ని ఫ్రెండ్స్ దగ్గర జోకులాగా చెప్పుకుంటూ వచ్చాను. ఈమధ్య ఒక పుస్తకం పని మీద కూర్చున్నాక అది అంత జోకు కాదని తెలిసింది.

మొగుళ్లపల్లి మండల కేంద్రం. హన్మకొండలో బస్సెక్కి పరకాల మీదుగా వెళ్తాం. చుట్టూ పత్తి, మిర్చి, వరి. మా చిన్నాయన కుర్రతనంలో పరకాలలో తెలుగు టైపు నేర్చుకున్నాడు. లోయర్ పాసయ్యాడు, హయ్యర్ పాసయ్యాడు, ఉద్యోగం మాత్రం రాలేదు. 2003లో అప్పు చేసి ఒక కంప్యూటర్ కొన్నాడు. విండోస్ ఎక్స్‌పీ, పేజ్‌మేకర్ 7, ఒక తెలుగు స్క్రిప్ట్ ప్యాకేజీ. ఆ ప్యాకేజీకి కాపీలు చేసుకోకుండా ఒక 'లాక్' ఇచ్చేవారు. ప్రింటర్ వైరు గుచ్చే చోట దాన్ని గుచ్చితేనే తెలుగు పడుతుంది. అగ్గిపెట్టె అంత ఉండేది. రాత్రి షాపు మూసేటప్పుడు గల్లాపెట్టెలో డబ్బులతో పాటు ఆ లాక్‌ని కూడా జేబులో వేసుకుని ఇంటికి తెచ్చేవాడు. 2012లో మదర్‌బోర్డు కాలిపోతే వేరే డబ్బా కొన్నాడు, దాంట్లో విండోస్ 7 వచ్చింది. ఆయన చేసిన అప్‌గ్రేడ్ జీవితం మొత్తం మీద అదొక్కటే. అది కూడా బోర్డు కాలబట్టి.

ఆ షాపులో కూర్చుంటే మండలంలో ఎవరింట్లో ఏం జరుగుతోందో తెలిసిపోతుంది. పెళ్లి పత్రికలు, శారీ ఫంక్షన్లు, గృహప్రవేశాలు, దశదిన కర్మల కార్డులు, గణేశ్ కమిటీల చందా బుక్కులు, బడి ప్రశ్నపత్రాలు, తహసీల్దారుకి దరఖాస్తులు. సర్పంచ్ ఎలక్షన్లు వస్తే ఇద్దరు ప్రత్యర్థుల కరపత్రాలూ అదే కంప్యూటర్లో పక్కపక్క ఫైళ్లలో ఉంటాయి. ఒకరిది ఇంకొకరికి చూపించకపోవడం ఆయన వృత్తిధర్మం. ఇంకో సంగతి: చిన్నాయన ఎప్పుడూ ఖాళీ పేజీతో మొదలుపెట్టడు. పెళ్లి అంటే పాత పెళ్లి ఫైలు తెరుస్తాడు. పేర్లు మార్చి, ముహూర్తం మార్చి, వేరే పేరుతో సేవ్ చేస్తాడు. అలా ఒక పెళ్లిలోంచి ఇంకో పెళ్లి పుడుతూ, ఇప్పుడున్న కార్డులన్నీ 2003 నాటి ఏదో ఒక పెళ్లికి మనవలు, మునిమనవలు. పేజీ అయ్యాక ట్రేసింగ్ పేపర్ మీద ప్రింటు తీసి పరకాల ప్రెస్సుకు పంపుతాడు.

2016 నాటికి నాకు ఉద్యోగం వచ్చి మూడేళ్లు. యూనికోడ్ మీద మహా పట్టుదలగా ఉండేవాణ్ణి. నెట్‌లో పుస్తక సమీక్షలు రాయడం అప్పుడే మొదలుపెట్టాను. ఒక కథల సంపుటిలోంచి నాలుగు వాక్యాలు ఉదహరిద్దామని ప్రచురణకర్తని అడిగితే పీడీఎఫ్ పంపేవారు. అందులోంచి కాపీ చేసి అతికిస్తే, నెత్తిన టోపీలూ చుక్కలూ పెట్టుకున్న ఏవో యూరప్ అక్షరాలు పడేవి. మళ్లీ చేత్తో టైపు చేసుకునేవాణ్ణి. ఇరవై ఏళ్ల తెలుగు పుస్తకాలు కంప్యూటర్లోనే తయారై కూడా కంప్యూటర్‌కి చదవరాకుండా పోయాయని, దానికి కారణం ఈ డీటీపీ వాళ్ల బద్ధకమని ఒక వ్యాసం కూడా రాశాను. రాసేటప్పుడు చిన్నాయన గుర్తు రాలేదా అంటే, వచ్చాడు. వచ్చినా రాశాను.

విండోస్ 10ని 7 వాడేవాళ్లకి ఉచితంగా ఇచ్చిన ఏడాది గడువు 2016 జులై 29తో ముగుస్తుంది. జులై మధ్యలో బోనాలకు ఊరికి వెళ్తూ, ఊళ్లో నెట్ నమ్మలేం కాబట్టి, పెన్‌డ్రైవ్‌లో మొత్తం ఎక్కించుకుని వెళ్లాను. ఆషాఢం. పెళ్లిళ్లు లేవు, గిరాకీ లేదు. ఇంతకన్నా మంచి ముహూర్తం ఉండదనుకున్నాను. చిన్నాయనతో "ఇప్పుడు చెయ్యకపోతే తర్వాత డబ్బులు అడుగుతరు" అన్నాను. ఫ్రీ అన్న మాటకి ఆయన ఒప్పుకున్నాడు. "ఫైళ్లు పోవు గదా?" అని మూడుసార్లు అడిగాడు. పోవని మూడుసార్లు చెప్పాను. అది నిజమే, ఫైళ్లు పోలేదు.

రెండు గంటల్లో అయిపోయింది. స్క్రీన్ కొత్తగా మెరిసింది. చిన్నమ్మ కూడా వచ్చి చూసి బాగుందంది. సి డ్రైవ్ నిండిపోయి ఎర్రగీత చూపిస్తోంటే, ఇంజినీరుని కదా, డిస్క్ క్లీనప్ నొక్కి కనబడ్డ గళ్లన్నిటికీ టిక్కులు పెట్టాను. పదిహేను జీబీ పైన ఖాళీ అయ్యింది. మరుసటి రోజు పొద్దున బస్సెక్కి హైదరాబాద్ వచ్చేశాను.

ఆ టిక్కుల్లో ఒకటి 'పాత విండోస్'ది. కొత్తది నచ్చకపోతే నెల రోజుల్లోగా ఒక్క బటన్‌తో పాతదానికి వెళ్లే దారి అప్పట్లో ఉండేది (ఆగస్టులో వచ్చిన పెద్ద అప్‌డేట్‌తో ఆ నెలని 10 రోజులకి కుదించారు). ఆ వెనక్కి వెళ్లే సామాను అంతా ఉండేది సరిగ్గా ఆ ఫోల్డర్లోనే. నది దాటి పడవ తగలబెట్టిన వీరుల కథలు చదివాను గానీ, దాటింది నేను కాదు, పడవా నాది కాదు.

వారానికి ఫోన్ వచ్చింది. శ్రావణం ముహూర్తాల కార్డులు మొదలయ్యాయి. పేజ్‌మేకర్ తెరుచుకుంటోంది, పాత కార్డు తెరుచుకుంటోంది, తెలుగు కనబడుతోంది కూడా. కానీ కొత్త పేరు కొడదామంటే పడట్లేదు. లాక్‌కి డ్రైవర్ లేక కొత్త సిస్టమ్ దాన్ని గుర్తుపట్టలేదు. లాక్ లేకపోతే ప్యాకేజీ లేవదు. ప్యాకేజీ లేవకపోతే కీబోర్డు ఇంగ్లిషు కీబోర్డే. ట్రేసింగ్ తీసే పాత లేజర్ ప్రింటర్ కూడా మూగబోయింది.

నేను ఫోన్లోనే ఉపాయం చెప్పాను. విండోస్‌లోనే తెలుగు ఉంది, దాంతో కొట్టు అని. ఆయనకి ఓపిక ఎక్కువ, ప్రయత్నించాడు. కానీ అందులో వచ్చే కీబోర్డు ఇన్‌స్క్రిప్ట్ పద్ధతి. ఆయన వేళ్లకు తెలిసింది టైపు మిషన్ పద్ధతి. ముప్పై ఏళ్లుగా 'క' ఉన్న చోట ఇంకో అక్షరం ఉంది. ఒక గంటకి పెళ్లికొడుకు పేరు, తండ్రి పేరు పడ్డాయట. సరే, అయితే నేనే ఇక్కడ కొట్టి మెయిల్ చేస్తానన్నాను. కార్డు మొత్తం యూనికోడ్‌లో కొట్టి పంపాను. దాన్ని కాపీ చేసి పేజ్‌మేకర్లో అతికించేసరికి, పెళ్లిపిలుపు బదులు నిండా ప్రశ్నార్థకాలు పడ్డాయి. శ్రీరస్తు దగ్గర్నుంచి సకుటుంబంగా దాకా అన్నీ ప్రశ్నలే. పేజ్‌మేకర్‌కి యూనికోడ్ అనే లోకం ఒకటుందని తెలియదు మరి. 1985లో ఆల్డస్ కంపెనీ దాన్ని తెచ్చింది, 1994లో ఆల్డస్‌ని అడోబీ కొనుక్కుంది, 2001లో 7.0 వచ్చింది, 2004లో ఇక ముందుకు కట్టడం ఆపేశారు. ఆగిపోయిన సాఫ్ట్‌వేర్ మీద మన పెళ్లిళ్లన్నీ ఇరవై ఏళ్లుగా నడుస్తున్నాయి.

వర్డ్‌లో పెట్టి ప్రింటు తీసి చూపించమన్నాను. అది చూసి చిన్నాయన అన్న మాట ఇప్పటికీ వదల్లేదు నన్ను: "గిది పెండ్లి కార్డు లెక్క లేదురా. బ్యాంకోడు ఇచ్చే నోటీసు లెక్కున్నది."

ఆ కార్డు గిరాకీ పరకాలకి పోయింది. దాంతో పాటు ఇంకో రెండు. శుక్రవారం రాత్రి బస్సెక్కి నేను మళ్లీ ఊరికి వెళ్లాను. ఈసారి పెన్‌డ్రైవ్‌లో విండోస్ 7 ఉంది.

వెనక్కి రావడం ముందుకు పోవడమంత సులువు కాదు. ముందుకు రెండు గంటలు పట్టింది, వెనక్కి రెండు రోజులు. ముందు డెస్క్‌టాప్ మీదున్నవన్నీ బయటికి తీశాను (అన్నీ డెస్క్‌టాప్ మీదే ఉంటాయి, ఏ షాపులోనైనా). సి డ్రైవ్ తుడిచి 7 ఎక్కించాను. ప్యాకేజీ సీడీ 2003 నాటిది, గీతలు పడి సగంలో ఆగింది. హన్మకొండలో తెలిసినవాళ్ల దగ్గర అదే సీడీ దొరికింది. లాక్ డ్రైవర్ ఇంకో సీడీలో. ఫాంట్లు, ప్రింటర్, పేజ్‌మేకర్ ప్లగిన్లు. ఆదివారం మధ్యాహ్నం మూడింటికి చిన్నాయన లాక్ గుచ్చి, పాత పెళ్లి ఫైలు తెరిచి, వేళ్లు పెట్టాడు. కీబోర్డు వైపు చూడకుండా ఒక పేరు కొట్టాడు. పడింది. ఆయనేం అనలేదు. లేచి వెళ్లి రెండు చాయలు చెప్పి వచ్చాడు.

ఇలా వెనక్కి వచ్చినవాళ్లలో మేం మొదటివాళ్లం కాదు, ఆఖరివాళ్లమూ కాదు. 2007లో విస్టా వచ్చినప్పుడు బిజినెస్ ఎడిషన్ కొన్నవాళ్లకి ఎక్స్‌పీకి దిగే హక్కు లైసెన్సులోనే ఉండేది. గేమ్ ఆఫ్ థ్రోన్స్ నవలల రచయిత జార్జ్ ఆర్.ఆర్. మార్టిన్ తాను డాస్ మీద నడిచే వర్డ్‌స్టార్ 4.0లోనే రాస్తానని 2014లో ఒక టీవీ షోలో చెప్పాడు. జనం చప్పట్లు కొట్టారు. పెద్ద రచయిత చేస్తే అది అభిరుచి. మొగుళ్లపల్లి డీటీపీ ఆపరేటర్ చేస్తే బద్ధకమని నేనే రాశాను.

అప్పుడు అర్థమైన సంగతి కొంచెం వివరంగా చెప్పాలి. ఆ పాత పద్ధతిలో కంప్యూటర్లో తెలుగు అనేది నిజానికి ఉండదు. ఒక ఫాంటులో 256 గళ్లుంటాయి. మొదటి 32 వాడుకోవడానికి లేవు. మిగిలిన గళ్లలో ఇంగ్లిషూ దాని చుట్టాలైన యూరప్ అక్షరాలూ ఉండాలి. మన డిజైనర్లు ఆ అక్షరాల బొమ్మలు తీసేసి, వాటి స్థానంలో తెలుగు ముక్కలు పెట్టారు. అక్షరాలు కాదు, ముక్కలు. ఒక గడిలో తలకట్టు, ఒక గడిలో ఎత్వం, ఒక గడిలో తలకట్టు లేని ఒళ్లు, ఇంకో గడిలో కింద పెట్టే వత్తు. మనం కీబోర్డు మీద కొట్టేది ప్యాకేజీ మధ్యలో పట్టుకుని, ఆ ముక్కల్ని ఏరి పక్కపక్కన పేరుస్తుంది. అచ్చం లెటర్‌ప్రెస్ కంపోజిటర్ సీసపు టైపుని గళ్లపెట్టెలోంచి ఏరి స్టిక్‌లో పేర్చినట్టు. ఫైల్లో దాచుకునేది ఆ ముక్కల వరుస. అది కంటికి కనబడే వరుసే గానీ నోటితో పలికే వరుస కాదు.

యూనికోడ్‌లో 'స్త్రీ' అని రాస్తే లోపల ఆరు సంకేతాలుంటాయి: స, పొల్లు, త, పొల్లు, ర, దీర్ఘం. పలికే వరుసలో. దాన్ని ఎలా గీయాలో ఫాంటు చూసుకుంటుంది. కంప్యూటర్‌కి అది తెలుగు అని తెలుసు. అందుకే వెతకగలదు, అకారాది క్రమంలో పెట్టగలదు. పాత పద్ధతిలో దానికేం తెలియదు. అందంగా కనబడుతుంది, అంతే.

కానీ, ఇది నేను ఒప్పుకోవడానికి చాలాకాలం పట్టింది, ఆ రోజుల్లో అందంగా కనబడటమే పని. 2001లో ఎక్స్‌పీతో వచ్చిన గౌతమి ఫాంటుతో తెలుగు కంప్యూటర్లోకి సరిగ్గా వచ్చిందని మాలాంటివాళ్లం సంబరపడ్డాం. దేశికాచారి గారి పోతన, వేమన ఫాంట్లు, వీవెన్ 2006లో చేసిన లేఖిని, ఇవన్నీ మాకు నెట్‌లో తెలుగు రాయడం నేర్పాయి. వాటిలో ఒక్కటీ పేజ్‌మేకర్లోకి వెళ్లదు. పెళ్లి కార్డు తెరమీద కాదు, కాగితం మీద ఉంటుంది. కాగితం పడ్డాక ఫైలుతో పనిలేదు. ఇల్లు కట్టాక సారువ కట్టెలు విప్పేసినట్టు. ఫైలు కాగితం కన్నా ఎక్కువకాలం బతకాల్సి వస్తుందని ఆ షాపుల్లో ఎవరు ఊహించారు? నేను ఊహించానా?

ఆ అక్టోబరులోనే, 2016 అక్టోబరు 11న, కొత్త జిల్లాలు వచ్చాయి. మొగుళ్లపల్లి వరంగల్ జిల్లాలోంచి జయశంకర్ భూపాలపల్లి జిల్లాలోకి వచ్చింది. రెండేళ్ల కిందట 'ఆంధ్రప్రదేశ్' తీసి 'తెలంగాణ' పెట్టుకున్న అచ్చులన్నిట్లో ఇప్పుడు మళ్లీ మార్పు. అడ్రసు లైన్లో 'జిల్లా: వరంగల్' ఉన్న చోట 'జిల్లా: జయశంకర్ భూపాలపల్లి' పట్టదు. అక్షరాలు సన్నం చేయాలి, లేదా రెండో లైనుకి దింపాలి, దింపితే కింద వినాయకుడి బొమ్మ జరగాలి. చిన్నాయన దసరా సెలవుల్లో కూర్చుని వందల ఫైళ్లని ఒక్కొక్కటిగా సరిచేశాడు. యూనికోడ్ అయితే ఒక స్క్రిప్టు రాసి ఒక్క నిమిషంలో మార్చేద్దును అన్నాను. "నీ స్క్రిప్టు వినాయకుణ్ణి జరుపుతదా?" అన్నాడు. దానికి నా దగ్గర జవాబు లేదు. ఇప్పటికీ లేదు.

2017 మేలో వన్నాక్రై వైరస్ వచ్చినప్పుడు నాకు నిద్ర పట్టలేదు. దెబ్బతిన్నవి ఎక్స్‌పీలే అని మొదట అందరూ అనుకున్నారు. తర్వాత కాస్పర్‌స్కీ లెక్కల్లో తేలిందేమంటే వాటిలో దాదాపు 98 శాతం విండోస్ 7వే. దానికి మందు మార్చిలోనే వచ్చింది గానీ అప్‌డేట్లు ఆపుకున్నవాళ్లకి చేరలేదు. చిన్నాయన షాపులో అప్‌డేట్లు ఆపింది నేనే, మళ్లీ ఏదైనా మారి లాక్ పడిపోతుందేమోనని. ఆ శనివారం పొద్దునే ఫోన్ చేసి నెట్ వైరు పీకించాను. తర్వాత సెకండ్ హ్యాండ్‌లో ఇంకో కంప్యూటర్ కొనిచ్చాను, విండోస్ 10ది. ఆన్‌లైన్ దరఖాస్తులు, హాల్‌టికెట్లు, ఆధార్ జిరాక్సులు, కరెంటు బిల్లులు దాంట్లో. పెళ్లిళ్లు, చావులు, చందా బుక్కులు పాతదాంట్లో. షాపుకి వచ్చినవాళ్లు రెండెందుకని అడిగితే చిన్నాయన, "ఒకటి గవర్నమెంటుకు, ఒకటి తెలుగుకు" అనేవాడు. నాకది భలే నచ్చి స్టేటస్ పెట్టుకున్నాను కూడా. అందులో ఉన్న దిగులు అప్పుడు పట్టలేదు.

అది పట్టించింది సారు పుస్తకం. సారు అంటే మా ఊళ్లో అందరికీ ఆయనొక్కడే. జిల్లా పరిషత్ హైస్కూల్లో తెలుగు పండితుడిగా చేసి రిటైరయ్యారు. నాకు ఛందస్సు చెప్పింది ఆయనే. రిటైరయ్యాక ఊరి మాటలన్నీ పెద్ద నోటుబుక్కుల్లో రాయడం మొదలుపెట్టారు. మోట కొట్టేటప్పుడు ఎద్దుకి చెప్పే మాటలు, గుమ్మి అల్లే పద్ధతి, కచ్చురం భాగాల పేర్లు, చేన్ల పేర్లు, రజాకార్ల కాలంలో వాళ్ల నాయన చెప్పిన సంగతులు. వారానికి నాలుగు పేజీలు తెచ్చి చిన్నాయనకి ఇచ్చేవారు. చిన్నాయన గిరాకీ లేని పూట కొట్టేవాడు. ప్రూఫ్ దిద్ది తెచ్చేవారు. అలా ఆరేడేళ్లు నడిచింది. అచ్చు వేయిద్దామంటే "ఇంకా ఉన్నయ్ పో" అనేవారు. 2021లో కరోనా రెండో విడతలో సారు పోయారు. ఇల్లు విప్పి కట్టేటప్పుడు నోటుబుక్కులు పాత పేపర్లతో పాటు తూకానికి పోయాయి. ఎవరినీ అనడానికి లేదు, అవేంటో ఇంట్లోవాళ్లకి తెలియదు. మిగిలింది చిన్నాయన పాత కంప్యూటర్లో 'సారుబుక్ ఫైనల్ ఫైనల్ 3' అనే ఫైలొకటే. నూట నలభై పేజీలు.

నేను 2016లో సి డ్రైవ్ తుడిచినప్పుడు ఆ ఫైలు డెస్క్‌టాప్ మీద ఉంది. అప్పటికి యాభై పేజీలు. మిగిలినవాటితో పాటు దాన్నీ పెన్‌డ్రైవ్‌లోకి లాగాను. లాగకపోయి ఉంటే అని ఇప్పుడు ఆలోచించను.

పోయిన వేసవిలో సారు వాళ్ల అమ్మాయి ఫోన్ చేసింది. పెద్దమ్మకి, అంటే సారు భార్యకి, షుగర్ వల్ల చూపు బాగా తగ్గింది. ఊళ్లో ఒక్కతే ఉంటోంది. ఫోను తెలుగు చదివి వినిపిస్తుందట కదా, నాన్న రాసింది అందులో పెట్టి ఇస్తావా, వింటూ కూర్చుంటుంది అని అడిగింది.

చిన్న కోరిక. నేను చేతకాక నిలబడిపోయాను. పీడీఎఫ్ చేసి ఇవ్వగలను, కళ్లున్నవాళ్లు చదువుకోగలరు. ఫోనుకి ఇస్తే అది చదివేది ఆ టోపీలు పెట్టుకున్న యూరప్ అక్షరాల్ని. సారు పుస్తకం కంటికి మాత్రమే తెలుగు, చెవికి కాదు. నా తొమ్మిదేళ్ల కిందటి వ్యాసం నిజమే అయింది. కానీ ఆ నిజం చెప్పి గెలిచానని అనుకోవడానికి మనసు రాలేదు. చిన్నాయన ఆరేడేళ్లు కొట్టకపోతే, కంటికైనా మిగిలేది కాదు.

ఇలాంటి పాత ఫాంట్లని యూనికోడ్‌లోకి మార్చే కన్వర్టర్లు ఉన్నాయి. నాగార్జున వెన్న చేసిన పద్మ దగ్గర్నుంచి ఎందరో ఓపికమంతులు సొంత సమయం పెట్టి చేశారు. మా ఫైలుని ఒకదాంట్లో వేస్తే తొంభై శాతం పైన బాగానే వచ్చింది. మిగిలినదే ప్రాణం తీసింది. వత్తులు పక్క అక్షరానికి జరిగాయి. చిన్నాయన పేజీ సరిపోవడానికి మాట మధ్యలో పెట్టిన ఖాళీలు అలాగే వచ్చాయి. అన్నిటికన్నా వింత, ఎక్కడ చూసినా 2 అంకెలు. 'చ2లి', 'చ2క్క' లాగా. ఫుట్‌నోట్ గుర్తులనుకున్నాను. ఫుట్‌నోట్లు లేవు కాబట్టి టైపింగ్ తప్పులని తేల్చుకుని అన్నిటినీ ఒక్కసారే తీసేశాను. డిస్క్ క్లీనప్‌లాగే.

దసరాకి ముందు వెళ్లి షాపులో ఇద్దరం పక్కపక్కన కూర్చున్నాం. ఆయన పాతదాని ముందు, నేను లాప్‌టాప్‌తో. ఆయన పైకి చదివితే నేను సరిచూడాలి. రెండో పేజీలోనే ఆపాడు.

"రెండు ఏదిరా?"

"ఏ రెండు?"

"చ మీద రెండు. సారు కొట్టించింది."

స్క్రీన్ తిప్పి చూపించాడు. పేజ్‌మేకర్లో 'చలి'లో చ నెత్తిన బియ్యపుగింజంత 2 ఉంది. అప్పుడు వెలిగింది. చెట్టులో చ వేరు, చలిలో చ వేరు. చలి, చుక్క, చాట అనేటప్పుడు నాలుక పళ్లకి తగులుతుంది. పాత నిఘంటువుల్లో దాన్ని చ మీద తెలుగు రెండు పెట్టి 'ౘ' అని చూపిస్తారు. ఊరి మాటని ఊళ్లో పలికినట్టే రాయాలని సారు పట్టుబట్టారట. ప్యాకేజీలో ఆ అక్షరం లేదు. చిన్నాయన ఇంగ్లిషు 2ని అతి చిన్న సైజులో కొట్టి, పైకి లేపి, వెనక్కి జరిపి చ నెత్తిన కూర్చోబెట్టాడు. ఒక్కొక్కదాన్నీ చేత్తో. జ కి కూడా అంతే. నూట నలభై పేజీల్లో ఎన్ని ఉంటాయో లెక్కపెట్టలేదు.

"మిషన్ల లేదంటే సారు ఇనలే. 'మిషన్ల లేకుంటే నీ చేతుల లేదా' అన్నడు," అని నవ్వాడు.

యూనికోడ్‌లో ఆ అక్షరానికి దాని సొంత సంకేతమే ఉంది, 2008 నుంచి. లాప్‌టాప్‌లో ౘ కొట్టి చూపించాను. చిన్నాయన కళ్లద్దాలు పైకి జరుపుకుని దగ్గరగా చూశాడు. "ఉన్నదా గిది! మరి అప్పుడే చెప్పకపోతివి" అన్నాడు. చెప్పాల్సింది 2016లో. ఆ ఏడాది నేను వేరే పనిలో ఉన్నాను, ఆయన బద్ధకం మీద వ్యాసం రాస్తున్నాను.

తీసేసిన రెండుల్ని తిరిగి తెచ్చి, మొత్తం ౘలూ ౙలూగా మార్చుకుంటూ మూడు రోజుల్లో ముప్పై పేజీలు అయ్యాయి. తర్వాత రెండు నెలలుగా ఆదివారాలు ఫోన్ మీద చేస్తున్నాం. ఆయన పాతదాని ముందు కూర్చుని స్పీకర్లో చదువుతాడు. ముప్పై ఎనిమిది పేజీలు మిగిలాయి. ఇప్పుడాలోచిస్తే ఆ ఏడో నంబరు అక్కడ అలా నిలిచి ఉండకపోతే, అందులో ఆ లాక్‌తో ఆ ఫైలు తెరుచుకోకపోతే, 2 అంటే ఏమిటో నాకు చెప్పగలిగింది ఎవరూ లేరు. కన్వర్టర్‌కి తెలియదు.

అయిన అధ్యాయాల్ని ఫోన్లో పెట్టి పెద్దమ్మకి ఇచ్చాను. మొదట మోటబావి అధ్యాయం. ఫోను బాగానే చదివింది గానీ ౘ వచ్చినచోటల్లా తడబడింది, ఒక్కోచోట ఆ అక్షరాన్నే మింగేసింది. పెద్దమ్మ రెండుసార్లు విని, మూడోసారి ఫోను ఆగిన చోటల్లా మాట తనే అందించింది, ౘ తోనే, బడిలో పిల్లలకి అందించినట్టు. వినడానికి వేరే ప్రతి చేసిస్తాను, అందులో మామూలు చ పెడతాను అంటే వద్దంది. "ఉండనియ్ బిడ్డా. గిట్లైతే నిద్ర రాదు" అంది.

నిన్న చిన్నాయన ఫోన్ చేశాడు. పాతదాంట్లో టైం నిలవట్లేదట. రోజూ పొద్దున పెట్టగానే 2011 జనవరి 1 చూపిస్తోందట. బోర్డు మీద బ్యాటరీ అయిపోయింది. సీఆర్2032, ముప్పై రూపాయల బిళ్ల. రెండు కొని బ్యాగులో వేసుకున్నాను.